రహీమ్ మాస్టారి ఫుట్‌బాల్, మన ఊపిరితిత్తులు



కిందటి వేసవి సెలవుల్లో జరిగిన ఒక చిన్న సంగతితో ఈ వ్యాసం మొదలుపెడతాము. మా ఆసుపత్రి కాంపౌండుకీ చర్చికీ మధ్యనున్న ఖాళీ స్థలంలో సాయంత్రం పూట పిల్లలు ఫుట్‌బాల్ ఆడుకుంటారు. డ్యూటీ దిగి హాస్టలుకి వెళ్ళే నర్సింగ్ విద్యార్థినులు కాసేపు ఆగి చూస్తారు. వార్డులోని రోగుల బంధువులు కూడా గట్టు మీద కూర్చుని చూస్తారు. ఒకరోజు ఆట అయిపోయాక, నుయ్యి వెనక పొగ కనిపించి వెళ్ళి చూశాము. బాగా ఆడే కుర్రాడే. తొమ్మిదో తరగతి. చేతిలో సిగరెట్టు. మమ్మల్ని చూసి పారేశాడు గాని భయపడలేదు. మందలించబోతే ఎదురు ప్రశ్న వేశాడు.

"మైదాన్ సినిమా సూసినారా నర్సమ్మా? ఇండియాని గెలిపించిన ఆ మాస్టారే సినిమా అంతా సిగరెట్టు తాగుతునే ఉన్నాడు గదా. మరి మాకేటవుద్ది?"

మాకు వెంటనే జవాబు తోచలేదు. పిల్లవాడు అడిగింది తప్పు ప్రశ్న కాదు. ఆ మాస్టారు నిజంగా ఉన్న మనిషి. మన తెలుగు నేల మీద, హైదరాబాదులో పుట్టి పెరిగిన బడిపంతులు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయన గెలుపు గురించి ఆ కుర్రాడికి తెలుసు. ఆ గెలుపు తర్వాత ఏమైందో సినిమా చివర్లో చూపించారు గాని, అది వాడి మనసుకి ఎక్కలేదు. అందుకే ఆయన జీవితాన్ని మొదటి నుంచి చివరి వరకు మన కుటుంబాలకి చెప్పాలనుకున్నాము.

బడిలో పాఠం, మైదానంలో పాఠం

రహీమ్ గారు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. ఆ రోజుల్లో ఆయన విశ్వవిద్యాలయం జట్టులో మంచి ఆటగాడు. డిగ్రీ అయ్యాక ఉపాధ్యాయ వృత్తిలో చేరారు. కాచిగూడ మిడిల్ స్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి బడుల్లో పాఠాలు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, పిల్లలకి ఆటలు నేర్పే బాధ్యత కూడా తీసుకున్నారు. ఆటా చదువూ రెండూ ఒకే మనిషిలో ఇమిడాయి. "ఆటలాడితే చదువు పాడవుతుంది" అని మన ఇళ్ళల్లో అనే మాటకి ఆయన జీవితమే ఒక జవాబు.

1940లలో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. చాలామంది ఇలాంటి పదవిని కుర్చీగా చూస్తారు. ఆయన పనిగా చూశారు. పిల్లల కోసం కొత్త రకం పోటీలు పెట్టారు. కొన్ని పోటీల్లో బంతిని ఒక్కరే కాళ్ళ దగ్గర ఉంచుకుని పరుగెత్తకూడదు, వెంటనే తోటివాడికి అందించాలి. కొన్నిటిలో అలవాటు లేని కాలితోనే తన్నాలి. కుడికాలి వాటం పిల్లవాడు ఎడమ కాలితో ఆడాలన్నమాట. వినడానికి ఇది ఆటలా ఉంటుంది. ఆలోచిస్తే గొప్ప పాఠం. బంతిని తానొక్కడే పట్టుకుని ఉండకూడదనీ, బలహీనమైన అవయవాన్ని కూడా వదిలిపెట్టక సాధనతో బలపరచుకోవాలనీ పిల్లలు ఆడుతూనే నేర్చుకున్నారు. పక్షవాతం వచ్చిన రోగికి ఫిజియోథెరపీ చేయించేటప్పుడు మేము చెప్పే మాట కూడా ఇదే.

1950 నుంచి ఆయన హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకి శిక్షకులు. ఆ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు గెలిచింది. కలకత్తా పెద్ద క్లబ్బులు ఆశ్చర్యపోయాయి. డబ్బున్న క్లబ్బు కాదది. రోజూ క్రమం తప్పని కసరత్తు, శరీర దారుఢ్యం, ఒకరి మీద ఒకరికి నమ్మకం, ఇవే దాని ఆస్తి.

సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పేద తమిళ కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం అనే కుర్రాడిని రహీమ్ మాస్టారే గుర్తించి పైకి తెచ్చారు. బూట్లు కొనుక్కునే స్తోమత లేని ఇల్లు అది. ఆ కుర్రాడు 1956, 1960 ఒలింపిక్స్‌లో దేశం తరఫున ఆడాడు. మాస్టారి చూపు ఒక్కటి ఒక పిల్లవాడి బతుకుని ఎలా మారుస్తుందో మనకి తెలుసు. మన వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారు కూడా విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసినవారే. ఆయన పేరున శ్రీకాకుళంలో స్టేడియం ఉంది. ఆమదాలవలస దగ్గర పల్లెటూరి ఆడపిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం తెచ్చింది. మన జిల్లాల పిల్లల్లో సత్తా లేక కాదు. చూసే కళ్ళు, నేర్పే చేతులు కావాలి.

పాస్టరు గారి అబ్బాయి

రహీమ్ మాస్టారు దేశపు జట్టుకి రాకముందు, 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్ ఎవరో మన సంఘ కుటుంబాల్లో చాలామందికి తెలియదు. ఆయన ఒక పాస్టరు గారి కుమారుడు, వైద్య విద్యార్థి. నాగా కొండల్లోని చాంగ్‌కి గ్రామంలో 1918లో పుట్టిన తాలిమెరెన్ ఆవో. తండ్రి ఇంపూర్ బాప్టిస్టు మిషన్‌లో సేవచేసిన దైవజనుడు. 1935లో ఆయన టైఫాయిడ్ జ్వరంతో చనిపోయారు. కుమారుడు డాక్టరై తన ప్రజలకి సేవచేయాలన్నది ఆ తండ్రి కోరిక.

కుమారుడు ఆ కోరికని మరిచిపోలేదు. కలకత్తాలో వైద్యం చదువుతూనే మోహన్ బగాన్ క్లబ్బుకి ఆడాడు. లండన్‌లో ప్రారంభ దినాన దేశ పతాకాన్ని మోసింది ఆయనే. స్వతంత్ర భారతదేశానికి అదే మొదటి ఒలింపిక్స్. మన ఆటగాళ్ళలో ఎక్కువమంది బూట్లు లేకుండానే ఆడి, ఫ్రాన్స్ చేతిలో 2-1 తేడాతో ఓడిపోయారు. రెండు పెనాల్టీలు తప్పిపోకపోతే గెలిచేవారే. ఆవో 1950లో ఎం.బి.బి.ఎస్. పూర్తిచేసి, పేరున్న ఆటని విడిచి, కొండ ప్రాంతానికి తిరిగి వెళ్ళారు. 1953లో కోహిమా సివిల్ ఆసుపత్రిలో చేరారు. తర్వాత నాగాలాండ్ ఆరోగ్య శాఖకి డైరెక్టరై, 1978లో విరమించారు. 1998లో ప్రభువునందు నిద్రించారు. 2018లో, ఆయన పుట్టిన నూరేళ్ళకి, తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది.

టైఫాయిడ్‌తో తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడు జ్వరాల మీద యుద్ధం చేసే డాక్టరయ్యాడు. మా నర్సింగ్ విద్యార్థినులకి ఈ కథ చెప్పినప్పుడల్లా క్లాసు నిశ్శబ్దమవుతుంది. వారిలో చాలామంది కూడా ఇంట్లో ఎవరినో జబ్బుకి పోగొట్టుకునే ఈ వృత్తికి వచ్చారు.

ఓటమి నుంచి నేర్చుకున్న జట్టు

రహీమ్ మాస్టారి శిక్షణలో మన జట్టు 1951 మార్చిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ని 1-0 తో ఓడించి బంగారు పతకం గెలిచింది. మరుసటి ఏడే పెద్ద దెబ్బ తగిలింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనని 10-1 తో ఓడించింది. చలి దేశం, తడి నేల, మనవారిలో చాలామందివి ఉత్త కాళ్ళు. ఆ తర్వాత మన ఆటగాళ్ళకి బూట్లు తప్పనిసరి చేశారు.

ఆసుపత్రిలో పనిచేసేవారికి ఇందులో ఒక పాఠం ఉంది. బూట్లు వేసుకుంటే ఆట పాడవుతుందని అప్పటిదాకా చాలామంది గట్టిగా నమ్మారు. అలవాటును వదులుకోవడానికి ఓటమి అవసరమైంది. మన పొలాల్లో ఉత్త కాళ్ళతో తిరిగి, చక్కెర వ్యాధి ఉన్నా చెప్పులు వేసుకోక, కాలి పుండుతో వచ్చే పెద్దలకి మేము ఇదే చెబుతున్నాము. 10 గోళ్ళు తిన్నాక కాదు, ముందే బూట్లు తొడగండి.

నాలుగేళ్ళకి ఫలితం కనిపించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు ఆస్ట్రేలియాని వాళ్ళ సొంత గడ్డ మీదనే 4-2 తో ఓడించింది. నెవిల్ డిసౌజా ఆ ఆటలో మూడు గోళ్ళు చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఒకే ఆటలో మూడు గోళ్ళు చేసిన మొదటి ఆసియా వాడు అతడే. మన దేశానికి నాలుగో స్థానం వచ్చింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అంతకు మించిన స్థానం మనకి ఈనాటికీ రాలేదు.

జకార్తా, 1962 సెప్టెంబరు 4

ఇక ఆ కుర్రాడికి ఇష్టమైన ఆట. 1962 ఆసియా క్రీడలు ఇండోనేసియా రాజధాని జకార్తాలో జరిగాయి. ఇజ్రాయెల్, తైవాన్ దేశాల క్రీడాకారులని రానివ్వకపోవడాన్ని మన దేశపు క్రీడాధికారి ఒకరు తప్పుపట్టినందుకు అక్కడి జనం మన మీద కోపంగా ఉన్నారు. మన వాళ్ళు మైదానంలోకి వస్తుంటే చుట్టూ అరుపులు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 తో ఓడిపోయారు. థాయిలాండుతో ఆటలో జర్నైల్ సింగ్ తలకి గాయమై కుట్లు పడ్డాయి. గోల్‌కీపరు పీటర్ తంగరాజ్‌కి జ్వరం. ఈ తంగరాజ్ కూడా హైదరాబాదులో పుట్టినవాడే.

ఫైనల్లో మళ్ళీ దక్షిణ కొరియానే ఎదురైంది. మాస్టారు ఒక సాహసం చేశారు. గోలు కాపాడే వరుసలో ఆడే జర్నైల్ సింగ్‌ని గోలు కొట్టే వరుసలోకి పంపారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, కుట్లున్న తలతో జర్నైల్ సింగ్ ఒక గోలు చేశారు. తంగరాజ్ గోలు దగ్గర గోడలా నిలబడ్డాడు. చుని గోస్వామి కెప్టెన్‌గా ఉన్న మన జట్టు 2-1 తో గెలిచింది. (కుట్లు ఆరకముందే ఆడడాన్ని నర్సులుగా మేము ఒప్పుకోమని ఇక్కడ చెప్పక తప్పదు. మా పిల్లలు దీన్ని సాకుగా తీసుకోవద్దు.) ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి మళ్ళీ బంగారు పతకం రాలేదు.

ఆ జట్టులో హిందువులు, ముస్లిములు, సిక్కులు, క్రైస్తవులు అందరూ ఉన్నారు. ఒక ముస్లిము పంతులు అందరినీ ఒక్క ఇంటి బిడ్డల్లా నడిపించారు. మేలు చేసినవాడు ఏ ఊరివాడు, ఏ జాతివాడు అని చూడకూడదని మంచి సమరయుని ఉపమానంలో మన ప్రభువు నేర్పారు గదా. ఈ మాస్టారి మేలుని కూడా మనం అలాగే కృతజ్ఞతతో తలచుకుందాము.

పతకం తర్వాత

అప్పటికే మాస్టారి ఊపిరితిత్తుల్లో క్యాన్సరు పాకుతోంది. పతకం తెచ్చిన ఏడాది తిరక్కుండానే మంచాన పడ్డారు. 1963 జూన్ 11న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 సంవత్సరాలు. ఉద్యోగ విరమణ వయసు కూడా రాలేదు. ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీమ్ 1960 ఒలింపిక్ జట్టులో ఉన్నవాడు, తర్వాత అంతర్జాతీయ రిఫరీ అయ్యాడు. తండ్రి ఇంకొక 20 ఏళ్ళు బతికి ఉంటే ఇంకెందరు పిల్లలు పైకి వచ్చేవారో ఎవరు చెప్పగలరు?

2024లో వచ్చిన సినిమాలో ఆయన చేతిలో సిగరెట్టు విడవకుండా కనిపిస్తుంది. ఒక మనిషికి క్యాన్సరు ఎందుకు వచ్చిందని ఇంత దూరం నుంచి తీర్పు చెప్పడం మా పని కాదు. అయితే పొగకీ ఊపిరితిత్తుల క్యాన్సరుకీ ఉన్న సంబంధం మాత్రం తిరుగులేనిది. 1950లో ఇంగ్లాండులో డాల్, హిల్ అనే ఇద్దరు వైద్య పరిశోధకులు దాన్ని లెక్కలతో చూపించారు. లండన్‌లోని వైద్యుల రాయల్ కాలేజీ 1962లో, అంటే జకార్తా పతకం వచ్చిన ఏడాదే, పొగ మానమని దేశానికి నివేదిక ఇచ్చింది. అమెరికా ప్రభుత్వం 1964లో అదే మాట చెప్పింది. ఆ రోజుల్లో మన దేశంలో బస్సులో, సినిమా హాలులో, ఆఖరికి డాక్టరు గదిలో కూడా సిగరెట్టు కాల్చేవారు. మాస్టారి తరానికి చెప్పేవారు లేరు. మన తరానికి చెప్పేవారున్నారు. అదే తేడా. ఆ కుర్రాడికి మేమిచ్చిన జవాబు కూడా ఇదే.

బలరాం సంగతి కూడా చెప్పాలి. 1963లో ఆయనకి ఊపిరితిత్తుల పొరకి జబ్బు చేసి, 27 ఏళ్ళకే ఆట ముగిసిపోయింది. అప్పట్లో క్షయ జాతి జబ్బులంటే ఏడాదికి పైగా మందులు, నెలల తరబడి పడక. ఈనాడు మామూలు క్షయకి 6 నెలల మందులు ఉచితంగా ఇస్తున్నారు. మధ్యలో మానకుండా వాడితే నయమై మళ్ళీ పనిలోకి, ఆటలోకి వెళ్ళవచ్చు. బలరాం గారు 2023 ఫిబ్రవరి 16న, 86 ఏళ్ళ వయసులో చనిపోయారు. జబ్బు ఆట మాన్పించింది గాని, జాగ్రత్త ఆయనకి ఇంకా 60 ఏళ్ళ ఆయుష్షు ఇచ్చింది.

మన ఇంటి చుట్ట

సిగరెట్టు గురించి చెబుతుంటే మా వార్డులో ఒక పెద్దామె నవ్వింది. సముద్రం ఒడ్డు పల్లె నుంచి వచ్చింది. "నానేటి సిగరెట్టు తాగుతానా తల్లీ? నాది అడ్డపొగ. మా యమ్మ తాగింది, మా అత్త తాగింది" అంది.

అడ్డపొగ అంటే ఏమిటో ఈ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లో ముఖ్యంగా ఆడవారికి ఈ అలవాటు తరతరాలుగా ఉంది. గాలికి ఆరిపోదనీ, ఒక చుట్ట ఎక్కువసేపు వస్తుందనీ, పంటి నొప్పి తగ్గుతుందనీ చెబుతారు. నిప్పు వేడి, పొగ రెండూ నేరుగా అంగుటికి తగులుతాయి. అంగుడు మొదట తెల్లబారుతుంది, మధ్యలో ఎర్రని చుక్కలు కనిపిస్తాయి. కొందరిలో అది పుండై క్యాన్సరుగా మారుతుంది. వేరే ప్రాంతాల్లో అంగుటి క్యాన్సరు అరుదు. మన దగ్గర మాత్రం అది ఎరిగిన జబ్బే.

మన జిల్లా దీని వల్లనే ప్రపంచ వైద్య గ్రంథాల్లోకి ఎక్కింది. విజయనగరం జిల్లా 1979లో ఏర్పడకముందు, శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు పరీక్షించి ఆ ఫలితాలని 1971లో ప్రచురించారు. వారిలో నూటికి 40 మందికి పైగా అడ్డపొగ తాగేవారే. ఇది గర్వపడే పేరు కాదు. అయితే తర్వాత జరిగిన ఇంకొక పని గురించి గర్వపడవచ్చు. శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్ జిల్లాల్లో 36 వేల మంది పొగాకు వాడేవారిని ఎంచుకుని, ఏళ్ళ తరబడి ఇంటింటికీ వెళ్ళి నోరు పరీక్షించి, మానమని నచ్చజెప్పారు. చాలామంది మానారు, ఇంకా ఎక్కువమంది తగ్గించారు. మానినవారి నోళ్ళలో మచ్చలు తగ్గాయి. 1986లో ఆ సంగతి ప్రచురించారు. అంటే చెబితే వినని జనం కాదు మన జనం. ఓపికగా, గౌరవంగా చెప్పేవారు కావాలి.

ఆ పెద్దామెకి చిన్న అద్దం, టార్చిలైటు ఇచ్చి ఆమె అంగుడు ఆమెకే చూపించాము. చాలాసేపు చూసుకుంది. "ఇది నా నోరేనా?" అంది. మేము నాలుగు సార్లు చేసిన బోధ చేయలేని పని ఆ అద్దం చేసింది. అదృష్టవశాత్తు ఆమెకున్నవి మచ్చలే, పుండు కాదు. మూడు నెలల తర్వాత పరీక్షకి వచ్చినప్పుడు చుట్ట మానిన సంగతి ఆమె కోడలు చెప్పింది.

మేము చేసిన పొరపాటు

అందరి కథా అలా ముగియలేదు. కొన్నేళ్ళ కిందట పల్లె హైస్కూలులో డ్రిల్లు మాస్టారుగా పనిచేసే ఒకాయన దగ్గుతో వచ్చారు. గట్టి మనిషి. అప్పటికీ పిల్లలతో పాటు పరుగెత్తేవారు. "పొగతాగేవాడికి దగ్గు మామూలే గదమ్మా" అని ఆయనే నవ్వారు. మేమూ నవ్వాము. దగ్గుమందు ఇచ్చి పంపించాము. ఎన్నాళ్ళుగా దగ్గు, రోజుకి ఎన్ని సిగరెట్లు అని రాసుకోవలసిన గళ్ళు ఆయన కేసు షీటులో ఖాళీగా ఉండిపోయాయి. ఆ గళ్ళు నింపవలసింది మేమే.

రెండున్నర నెలల తర్వాత కళ్ళెలో రక్తంతో వచ్చారు. ఎక్స్‌రే తీసి విశాఖపట్నం పంపించాము. అప్పటికే ఆలస్యమైంది. చివరి రోజుల్లో నొప్పి తగ్గించడానికి మా వార్డులోనే ఉన్నారు. ఆయన దగ్గర ఆటలు నేర్చుకున్న పిల్లలు చూడడానికి వచ్చేవారు. మాట పెగలకపోయినా, సిగరెట్టు పట్టుకున్నట్టు రెండు వేళ్ళు పెదవుల దగ్గర పెట్టి, వద్దని చేయి ఊపేవారు. ఆ సైగ మేము మరచిపోలేదు. రెండు నెలల ముందు పరీక్ష చేసి ఉంటే బతికేవారని చెప్పలేము. కానీ ఆ రెండు నెలలు ఆయనకి మేము బాకీపడ్డాము. ఆనాటి నుంచి మా ఔట్ పేషెంటు విభాగంలో ఏ జబ్బుతో వచ్చినవారినైనా పొగాకు గురించి అడగకుండా, నోరు చూడకుండా పంపకూడదని నియమం పెట్టుకున్నాము. ఆ గళ్ళు ఖాళీగా ఉంటే ఆ రోజు డ్యూటీ సిస్టరు జవాబు చెప్పాలి.

మీరు చేయవలసినవి

రెండు వారాలకి మించి దగ్గు ఉంటే కళ్ళె పరీక్ష చేయించండి. క్షయ అయినా, ఇంకేదైనా ముందే తెలుస్తుంది. పొగతాగేవారైతే "ఇది మామూలు దగ్గే" అని మీకు మీరే తీర్పు చెప్పుకోవద్దు.

కళ్ళెలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, గొంతు బొంగురుపోయి మూడు వారాలైనా సరికాకపోవడం, ఆయాసం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే రండి.

నెలకొకసారి అద్దంలో నోరు చూసుకోండి. అంగుడు, నాలుక కింద, బుగ్గల లోపల చూడాలి. తెల్లని లేక ఎర్రని మచ్చ, రెండు వారాలకి మానని పుండు, నోరు సరిగా తెరుచుకోకపోవడం కనిపిస్తే చూపించుకోండి. నొప్పి లేదు గదా అని ఊరుకోవద్దు. మొదట్లో నొప్పి ఉండదు.

మానాలనుకునేవారు ఒక తేదీ పెట్టుకుని ఇంట్లో అందరికీ చెప్పండి. మొదటి మూడు నాలుగు రోజులు చిరాకు, తలనొప్పి, నిద్రపట్టకపోవడం ఉంటాయి. కొందరికి దగ్గు కొన్నాళ్ళు పెరిగినట్టుంటుంది. ఇవి తగ్గిపోతాయి. నీళ్ళు ఎక్కువ తాగండి, తాగాలనిపించినప్పుడు ఐదు నిమిషాలు వాయిదా వేయండి. కావలసినవారికి నికోటిన్ చూయింగ్ గమ్ వంటివి డాక్టరు సలహాతో వాడవచ్చు. పొగాకు మానడానికి ప్రభుత్వం నడిపే ఉచిత ఫోను 1800-11-2356.

మానితే లాభం వెంటనే మొదలవుతుంది. ఒక ఏడాదికి పొగ వల్ల వచ్చే గుండెజబ్బు ముప్పు సుమారు సగానికి తగ్గుతుంది. పదేళ్ళకి ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు, తాగుతూనే ఉన్నవారితో పోలిస్తే దాదాపు సగమవుతుంది. 70 ఏళ్ళ వయసులో మానినా లాభమే.

జబ్బు ఉందని తేలితే డబ్బు లేదని ఇంట్లో కూర్చోవద్దు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ప్రభుత్వ పథకం కింద క్యాన్సరు చికిత్సకి సాయం ఉంది. విశాఖపట్నం అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి ఉంది. కాగితాల సంగతి తెలియకపోతే మా దగ్గరకి రండి, దారి చెబుతాము.

తల్లిదండ్రులకి ఒక మాట. పిల్లల్ని ఆడనివ్వండి. రోజుకి ఒక గంట పరుగెత్తే పిల్లవాడికి ఆకలి, నిద్ర, చదువు మూడూ బాగుంటాయి. అయితే ఆట అయ్యాక ఎవరితో ఉన్నారో కూడా కనుక్కోండి. మీ చేతిలో చుట్ట ఉండగా వారికి చెప్పిన మాట పనిచేయదు.

చివరగా

పౌలు కొరింథు సంఘానికి రాస్తూ పరుగు పందెంలో పరుగెత్తేవాడు శరీరాన్ని ఎలా అదుపులో ఉంచుకుంటాడో గుర్తుచేశాడు. అదే పత్రికలో మన దేహాన్ని దేవుని ఆలయంతో పోల్చాడు. ఆటగాడికి, విశ్వాసికి ఆ రెండు మాటలూ చాలు.

ఆ తొమ్మిదో తరగతి కుర్రాడి సంగతి అడుగుతారేమో. మేము వాడిని తిట్టలేదు. మరునాడు సాయంత్రం జట్టంతటినీ కూర్చోబెట్టి, ఇప్పుడు మీకు చెప్పిన కథే చెప్పాము. రహీమ్ మాస్టారి బంగారు పతకం గురించి, తర్వాతి జూన్ నెల గురించి, మా డ్రిల్లు మాస్టారి రెండు వేళ్ళ సైగ గురించి చెప్పాము. తర్వాత ఊపిరి పరీక్షించే చిన్న గొట్టం తెచ్చి అందరిచేత ఊదించాము. వాడు మూడుసార్లు ఊదాడు. తన కన్న చిన్నవాడి అంకె ఎక్కువ రావడం చూసి ముఖం ఎర్రబడింది. ఏమీ అనలేదు. ఇప్పుడు నెలకొకసారి మా ఔట్ పేషెంటుకి వచ్చి, "ఊదుతానండి" అని అడుగుతున్నాడు. అంకె కొద్దికొద్దిగా పెరుగుతోంది. పూర్తిగా మానేశాడని మేము హామీ ఇవ్వలేము, వాడూ ఇవ్వలేదు. వాడి కోసం, వాడిలాంటి మన బిడ్డలందరి కోసం ప్రార్థించండి. ప్రార్థించి ఊరుకోక, మీ ఇంట్లో చుట్ట పెట్టె ఎక్కడుందో ఈ రాత్రే చూడండి.

దేవుడు మీ కుటుంబాలని ఆరోగ్యంతో దీవించును గాక.